బొటనవేలు

ఫిబ్రవరి నుంచి ఏప్రిలు దాకా
నా చేతులు ఇంట్లో ఎవరివీ కావు.

యార్డులో పొద్దంతా టిక్కీలు మోసి,
బస్తా మూతి కోసి మోచేతిదాకా చెయ్యి దింపి
అడిగినవాడికల్లా సరుకు చూపించి,
నల్లచెరువు సందులోకి తిరిగేసరికి
నాకన్నా ముందు నా ఘాటు ఇంట్లోకి పోతుంది.
వరసగా మూడు తుమ్ములు:
అమ్మది, రేష్మాది,
గోడవతల కుట్టుమిషను సుబ్బాయమ్మది.
"వచ్చాడు," అంటుంది ఖాశింబీ.

కొబ్బరినూనె, తర్వాత పుల్లమజ్జిగ, తర్వాత శనగపిండి.
అయినా గోళ్ళ కింద కాస్త దాక్కుంటుంది.
తేజ రకమైతే రెండు రోజులు.
రేష్మా చంటిపిల్లప్పుడు
ముంజేతుల మీదే ఎత్తుకునేవాణ్ణి, పళ్ళెం మోసినట్టు.
ఒక్కసారి మర్చిపోయి బుగ్గ నిమిరాను.
ఆ ఏడుపు గొంతు వేరు.
ఇప్పటికీ గుర్తుపడతాను.

అందుకని ఈ మూడు నెలలూ
నేను కాళ్ళతో పనికొస్తాను.

గడపకి వీపు ఆనించి కాళ్ళు చాపితే
ఎడం కాలు రేష్మాది.
లెక్కల నోటు మోకాలి మీద పెట్టి రాసుకుంటుంది.
కుడికాలి బొటనవేలు ఖాశింబీది.
ఆకుపచ్చ వైరు దానికి ఉచ్చు వేసి
వెనక్కి వాలి లాగుతుంది.
గోడకి మేకు కొడితే పెళ్ళలు రాలతాయి,
మంచంకోడుకి కడితే మంచమే జరుగుతుంది,
"నువ్వైతే జరగవు," అంటుంది.
మెచ్చుకోలో ఎత్తిపొడుపో
పన్నెండేళ్ళుగా తేల్చుకోలేకపోయాను.

ముడి పక్కన ముడి.
బిగిసినప్పుడు వేలు తెల్లబడుతుంది,
వదిలినప్పుడు ఎర్రబడుతుంది.
బ్రాడీపేట టీచరమ్మకి క్యారేజీ బుట్ట,
చెవులు పొడుగ్గా ఉండాలి, ఆదివారానికి కావాలి.

గోడ మీద నాన్న దూదేకిన విల్లు.
నరం ఎప్పుడో తెగిపోయింది.
షాపులకి స్పాంజి పరుపులు వచ్చాక
కొత్త నరం కట్టించలేదు ఆయన,
అమ్మనూ లేదు.
వైరు చుట్టలు దానికే తగిలిస్తాం.
చుట్ట లాగినప్పుడల్లా కర్ర గోడకి తగిలి టక్కుమంటే
ఉల్లిపాయ కోస్తున్న అమ్మ తలెత్తుతుంది,
మళ్ళీ ఉల్లిపాయలోకి దించుకుంటుంది.

ఇవాళ వంకాయ పచ్చిపులుసు.
మంట మీద తోలు పగులుతున్న కమురు వాసన
నా ఘాటుని వాకిట్లోకి నెడుతోంది.
అమ్మ వంకాయని నీళ్ళలో ముంచి వలిచి
చింతపండు పులుసులో పిసికి
గోరంత బెల్లం వేసింది, పచ్చిమిరపకాయ ఒక్కటే.
ఊరూరికీ కారం ఎక్కించేవాడి ఇంట్లో
పులుసుకి కారం తక్కువంటే
యార్డులో ఒక్కడూ నమ్మడు.

ఇంకా నాలుగు వరసలుండగా వైరు అయిపోయింది.
కొత్తపేట షాపులో చిలకపచ్చ ఉందట,
ఇది మామిడాకు పచ్చ.
రేష్మా అడగకుండానే లేచి
విల్లు మీంచి నారింజ చుట్ట తీసిచ్చింది.
ఖాశింబీ బుట్టని చేతిదూరంలో పట్టుకుని
అందులో టీచరమ్మ మొహం ఉన్నట్టు చూసింది.
"అడిగితే?"
"డిజైనని చెప్పు," వంటింట్లోంచి అమ్మ,
"కొత్త దూది చాలక పరుపులో పాతది కలిపిన నాడు
మీ మామ అదే చెప్పాడు.
రెండ్రూపాయలు ఎక్కువ కూడా తీసుకున్నాడు."

నాన్న పోయి ఆరేళ్ళు.
ఈ మాట అమ్మ ఇన్నాళ్ళూ
ఏ డబ్బాలో దాచిందో.
కాసేపు ఎవరం మాట్లాడలేదు.
ముందు రేష్మా నవ్వింది.
తర్వాత వైరు ఊగింది, నా వేలూ దాంతోపాటే.

పళ్ళెం ముందు పెట్టాక
నా చూపుడువేలు పట్టుకుని
నాలిక కొసకి ఆనించి చూసింది ఖాశింబీ,
పులుసులో ఉప్పు చూసినట్టు,
అమ్మ అటు తిరిగిన క్షణంలో.

"ఇంకా ఉంది. చెంచా తెస్తానుండు," అంది.
"కాలు మాత్రం కదపకు,
రెండు వరసలే."